గొలుసు రంపముల కోతబలము: పంచాయతీలు గమనింపదగిన విషయములు

(వరంగల్లున పంచాయతీ సభ్యుల సమావేశమున గావించిన ప్రసంగపాఠము)



2024 ఆగస్టు 31వ తేదీ సాయంకాలమున ములుగు జిల్లాలో తాడ్వాయి, మేడారముల నడుమనున్న అరణ్యమున వీచిన పెనుగాలిని గూర్చి మీరందరును వినియున్నారు. కొద్దిసేపటిలో సుమారు 200 హెక్టార్ల అడవిలో 50,000కు మించిన వృక్షములు నేలకొరిగినట్లు తొలి అంచనాలు తెలిపినవి. అంతకు ముందటి సంవత్సరము, 2023 జూలై 27 ఉదయముతో ముగిసిన 24 గంటలలో, ఆ జిల్లాయందలి లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వర్షము కురిసినది. ఇట్టి గాలివానలు వచ్చినపుడు అడవిలో కూలిన చెట్ల సంగతి అటవీశాఖవారు చూచుకొందురు. కాని ఊరిబాటకు అడ్డముగా పడిన వేపచెట్టును, బడి ప్రహరీగోడపై ఒరిగిన తుమ్మను, చెరువుకట్టపై విరిగిపడిన చింతకొమ్మను తొలగింపవలసినది ఎవరు? తెల్లవారక మునుపే జనులు వచ్చి తలుపు తట్టునది సర్పంచు ఇంటనే గదా!

వెనుకటి దినములలో ఇట్టి చెట్టును తొలగించుటకు గొడ్డళ్లతో నలుగురును, ఇద్దరు లాగు రంపముతో మరి ఇద్దరును పూటంతయు శ్రమించెడివారు. నేడు ఒక్క మనిషి గొలుసు రంపముతో ఆ పనిని స్వల్పకాలములో ముగించుచున్నాడు. మన ఊళ్లలో దీనిని కోత మిషను అనియు, చైన్ సా అనియు పిలుచుచున్నారు. కావున పలు పంచాయతీలు దీనిని కొనవలెనని తలంచుట సహజము. అయితే అంగడికి పోయినచో అన్నియు ఒకే తీరుగా కనబడును. అన్నింటిని గూర్చియు దుకాణదారుడు “ఇది వృత్తిపనివారు వాడునది” అనియే చెప్పును. వీనిలో ఏది మేలుగా కోయును? ఆ మేలును కొలుచుట ఎట్లు? ప్రజల పన్ను సొమ్ముతో కొనువారు ఈ ప్రశ్నలకు సమాధానము తెలిసికొనక కొనరాదు.

నేను చెప్పదలచిన ముఖ్యవిషయమును ముందుగనే మనవి చేసెదను. చెట్టును కోయునది ఇంజను కాదు, గొలుసు. ఇంజను గొలుసును లాగును, అంతియే. పదునుగల గొలుసుతో చిన్న రంపము చేయు పనిని మొద్దుబారిన గొలుసుతో పెద్ద రంపము చేయజాలదు. అందువలన రెండు రంపములను పోల్చునపుడు రెండింటి గొలుసులను సమానముగా పదును పెట్టి, మన ఊరి కలపమీద, మన ఊరి పనివాని చేత కోయించి చూడవలెను. పేరును బట్టియు, అంకెలను బట్టియు మాత్రమే కొనుట చెట్టుపేరు చెప్పి కాయలమ్మువాని మాట నమ్ముట వంటిది.

యంత్రము వచ్చిన విధము

గొలుసు రంపము చరిత్రయే ఈ సంగతిని చక్కగా తెలుపును. జర్మనీ దేశమున ఆండ్రియాస్ స్టిల్ అను ఇంజనీరు 1926లో విద్యుచ్ఛక్తితో నడుచు గొలుసు రంపమునకును, 1929లో పెట్రోలుతో నడుచు రంపమునకును రూపము కల్పించెను. ఆ పెట్రోలు రంపము బరువు 46 కిలోలు. దానిని ఎత్తి పట్టుకొనుటకు ఇద్దరు మనుష్యులు అవసరమైరి. ఇంజనుకు బలమున్నను గొలుసు పండ్లు చేతిరంపపు పండ్లను పోలినవే కావున కలపను గీరుచు పోయెడివి. అవి త్వరగా మొద్దుబారెడివి కూడ.

1946లో అమెరికా దేశపు ఆరెగాన్ రాష్ట్రమున జోసెఫ్ కాక్స్ అను కలపకోత పనివాడు ఒక మోడులో కొయ్యను తొలుచుచున్న పెంకుపురుగు పిల్లను చూచెను. అది గట్టికలపను నిలువుగాను, అడ్డముగాను కూడ సులభముగా తినుచుండెను. దాని దవడలు రెండును కొక్కెములవలె వంగి, ఒకటి కుడికిని, మరియొకటి ఎడమకును కోయుచుండుటను అతడు గమనించెను. ఆ తీరుననే ఉక్కుతో పండ్లు చేసి, కుడి ఎడమలుగా గొలుసుకు కూర్చి, 1947లో విక్రయింప మొదలిడెను. నేడు వాడుకలోనున్న గొలుసులు ప్రధానముగా ఆ మాదిరి నుండి వచ్చినవే. ఇంజను రంపమునకు బలమిచ్చెను. కోతనిచ్చినది మాత్రము పురుగును చూచి నేర్చిన పన్ను.

ఇంజను అంకెలు

ఇక నేటి వృత్తిరంపములను చూతము. ఉదాహరణమునకు కొన్నింటిని పేర్కొందును. ఇవి తయారీదారులు ప్రకటించిన అంకెలు. బరువులు బారు, గొలుసు, పెట్రోలు లేకుండ చెప్పబడినవి. గొలుసు చుట్టును తిరుగుటకు ముందుకు చాచియుండు ఇనుపపట్టాను బారందురు.

స్టిల్ సంస్థ ఎం.ఎస్. 462 రంపము 72.2 సి.సి., 4.4 కిలోవాట్లు, 6 కిలోలు. హస్క్‌వార్నా సంస్థ 572 ఎక్స్.పి. రంపము 70.6 సి.సి., 4.3 కిలోవాట్లు, 6.6 కిలోలు. వీనికంటె పెద్దవియు కలవు. హస్క్‌వార్నా 395 ఎక్స్.పి. రంపము 93.6 సి.సి., 4.9 కిలోవాట్లు, 7.9 కిలోలు. స్టిల్ ఎం.ఎస్. 500 ఐ రంపము 79.2 సి.సి., 5 కిలోవాట్లు, 6.2 కిలోలు. ఈ చివరిది 2019లో వచ్చినది. దీనికి కార్బురేటరు లేదు. విద్యుత్ పరికరము పెట్రోలును కొలిచి ఇంజనులోనికి చిమ్మును.

ఈ అంకెలలో ఒక విశేషమున్నది. 93.6 సి.సి. గల రంపముకంటె 79.2 సి.సి. గల రంపము స్వల్పముగా ఎక్కువ శక్తినిచ్చుచున్నది. బరువు కిలోన్నరకు పైగా తక్కువ. సి.సి. అనునది ఇంజను లోపలి గది పరిమాణమే గాని దాని శక్తి కాదు. పెద్దకుండలో వండినంత మాత్రమున అన్నము ఎక్కువ కాదు గదా! కావున అంగడిలో పెద్ద సి.సి. అంకెను చూపి చౌకధర చెప్పినపుడు మీరు అడుగవలసిన ప్రశ్న “ఎన్ని కిలోవాట్లు? బరువెంత?” అని. ఈ రెండును పత్రములో వ్రాసియుండని యంత్రమును కొనకుండుట మేలు.

మరి శక్తి ఎక్కువైన కోతకు కలుగు లాభమేమి? దీనిని చిన్నలెక్కతో గ్రహింపవచ్చును. సాధారణముగా పెద్దరంపపు గొలుసును ఏడు పండ్ల చక్రము త్రిప్పును. ఆ చక్రము ఒకమారు తిరిగిన 13 సెంటీమీటర్లకు పైగా గొలుసు సాగును. నిమిషమునకు 10,000 చుట్లు తిరిగినచో గొలుసు క్షణమునకు, అనగా సెకనుకు, 22 మీటర్ల వేగమున పరుగెత్తును. 4.4 కిలోవాట్ల ఇంజను ఆ వేగమున గొలుసును లాగు బలము సుమారు 20 కిలోల బరువునకు సమానము. 1.5 కిలోవాట్ల చిన్నరంపమునకు అట్టి లెక్కయే వేసినచో అది అందులో సగమునకంటె తక్కువ.

ఈ బలమును పండ్లు పంచుకొనవలెను. మామూలు గొలుసులో పన్నుకు పన్నుకు నడుమ దూరము 3.8 సెంటీమీటర్లు. 30 సెంటీమీటర్ల మందముగల దుంగలో ఒకేసారి ఎనిమిది పండ్లు కోయుచుండును. 60 సెంటీమీటర్ల దుంగలో పదునారు పండ్లు కోయుచుండును. పెద్దరంపమున పన్నొకటికి చిన్నదుంగలో రెండున్నర కిలోల బలము వచ్చును. పెద్దదుంగలో కిలోపావు మాత్రమే. చిన్నరంపమున 30 సెంటీమీటర్ల దుంగలోనే పంటికి కిలో చిల్లర బలమునకు మించి రాదు. దానిని 60 సెంటీమీటర్ల చింతమానులోనికి దింపినచో గొలుసు నిలిచిపోవును, లేదా పొట్టు రాల్చుచు పొగ వెడలించును.

దీనివలన తేలినదేమి? లావైన మానులను తరచుగా కోయవలసిన చోట పెద్ద ఇంజను అవసరము. కాని పంచాయతీకి కలుగు పనిలో అధికభాగము విరిగిన కొమ్మలు, జానెడు మూరెడు మందముగల తుమ్మలు, వీధిచెట్లు. వీనికి ఏడెనిమిది కిలోల యంత్రమును పూటంతయు మోయించుట వ్యర్థము. కొమ్మ నుండి కొమ్మకు కదలుచు చేయు పనిలో తేలికైన రంపమే ముందు ముగించును. అలసిన చేతిలోని రంపము ఎంత బలమైనదైనను నిదానమే కాక ప్రమాదకరము కూడ.

గొలుసు, పదును

ఇక గొలుసు సంగతి. ఒక్కొక్క పంటికి ముందు ఒక చిన్నమెట్టు ఉండును. పన్ను కలపలోనికి ఎంతలోతు దిగవలెనో ఆ మెట్టు నిర్ణయించును. పెద్దరంపముల గొలుసులో మెట్టు పంటి అంచుకంటె సుమారు 0.65 మిల్లీమీటరు దిగువన ఉండవలెను. మెట్టు ఎత్తుగా ఉన్నచో ఎంత పదును పెట్టినను పన్ను కలపను అందదు. మెట్టును మితిమీరి అరగదీసినచో పన్ను ఒక్కసారిగా లోతునకు దిగి రంపము ఎగిరిపడును. త్వరగా కోయునను ఆశతో మెట్లను అరగదీయు పనివారు కొందరు కలరు. అది తమ ప్రాణముతో ఆడుకొనుటయే.

పండ్లలో రెండు తెగలు ముఖ్యమైనవి. ఒకటి మూల చతురస్రముగా నుండునది. శుభ్రమైన పచ్చికలపను ఇది మిక్కిలి వేగముగా కోయును. కాని మట్టి తగిలినచో త్వరగా చెడును. రెండవది మూల గుండ్రముగా నుండునది. వేగము కొంత తక్కువైనను మట్టిపట్టిన బెరడునందును, ఎండుకలపయందును పదును ఎక్కువకాలము నిలుచును. వరదలో కొట్టుకొనివచ్చిన మానులు, చెదపుట్ట పట్టిన వేపలు, దుమ్ముపట్టిన బాటప్రక్క చెట్లు కోయవలసిన మన గ్రామములకు ఈ రెండవ తెగయే అనుకూలము. పోటీలలో గెలిచిన గొలుసు మన చెరువుకట్టమీద గెలువవలెనను నియమము లేదు.

పదును పెట్టుటకు గుండ్రని ఆకురాయి చాలును. మామూలు పెద్దగొలుసుకు 5.2 మిల్లీమీటర్ల ఆకురాయిని, చిన్నరంపపు గొలుసుకు 4 మిల్లీమీటర్ల ఆకురాయిని వాడుదురు. పంటిని సాధారణముగా 30 డిగ్రీల వాలున, లోపలి నుండి వెలుపలికి, ఒకే దిక్కున రాయవలెను. అన్ని పండ్లను సమానమైన దెబ్బలతో రాయవలెను. ఒక ప్రక్క పండ్లు పొడవుగాను, రెండవ ప్రక్క పండ్లు పొట్టిగాను ఉన్నచో గాటు వంకరపోవును. పదునును గుర్తించుట కష్టము కాదు. రంపమునుండి రాలునది పేళ్లవలె ఉన్నచో గొలుసు పదునుగా నున్నది. మెత్తని పిండివలె ఉన్నచో మొద్దుబారినది. రంపమును చేతితో అదిమినగాని దిగకున్నచో వెంటనే ఆపి రాయవలెను. ఆకురాయి వెల స్వల్పము. అది లేక చెడిపోవు ఇంజను వెల స్వల్పము కాదు.

మన నేలలోని కలప

ఒకే రంపము అన్ని కలపలను ఒకే తీరున కోయదు. నీలగిరి, సుబాబుల్ తోటలలో కలప సాధారణముగా పచ్చిగాను, బోదెలు సన్నగాను ఉండును. అచ్చట పని చురుకుగా సాగును. నల్లతుమ్మయు, చింతయు మిక్కిలి గట్టివి. ఎండినకొలది మరింత బిగియును. టేకు చూచుటకు మెత్తగా కోతపడునట్లున్నను దానిలో ఇసుకజాతి పదార్థము కొంత ఉండుటచే పదును త్వరగా తరుగును. సర్కారు తుమ్మ నేలకు అంటుకొని గుబురుగా పెరుగును గనుక బారుకొన తరచు మట్టిని తాకును. ఒక్క క్షణము మట్టి తగిలినను గొలుసు పదును పోవును.

ఊరిబాట ప్రక్కనున్న చెట్లలో మరియొక చిక్కు కలదు. బోర్డులు కట్టుటకు కొట్టిన మేకులు, కంచెతీగలు ఏండ్లు గడచిన పిమ్మట బెరడులోపల మునిగిపోవును. గొలుసు వానికి తగిలినచో పండ్లు విరుగును. విరిగిన తునక ఎవరి కంటికైనను తగులవచ్చును. అందుచేత అట్టిచెట్టును కోయక మునుపు బెరడును గొడ్డలితో చెక్కి చూడవలెను. చెట్లకు మేకులు కొట్టరాదని పంచాయతీ తీర్మానము చేసి అమలుపరచుట అన్నిటికంటె మేలు.

పోల్చి చూచు పద్ధతి

పంచాయతీ ధరపత్రములు పిలిచినపుడు, దుకాణదారులను రంపములతో ఊరికి వచ్చి కోసి చూపుడని కోరవచ్చును. ఆ పరీక్ష ఈ విధముగా జరుగవలెను.

మొదట సుమారు 94 సెంటీమీటర్ల చుట్టుకొలతగల తిన్ననిదుంగను తీసికొనుడు. దాని మందము 30 సెంటీమీటర్లగును. ముడులు లేని భాగమును ఎంచి, నేలకు తగులకుండ రెండు దిమ్మెలపై కదలకుండ బిగింపుడు. అన్ని రంపములకును ఒకే పొడవు బారు, ఒకే తెగ గొలుసు ఉండవలెను. అన్ని గొలుసులును క్రొత్తవైనను కావలెను, లేదా ఒకే మనిషి పదునుపెట్టినవైనను కావలెను. ఇంజను వేడెక్కువరకు కొంతసేపు నడిపి, అటుపిమ్మట లెక్క ప్రారంభింపవలెను. కోయువాడు ఒక్కడే ఉండవలెను. అతడు రంపమును బలముగా అదుమక, దాని బరువున అదియే దిగునట్లు పట్టుకొనవలెను. ఒక్కొక్క రంపముతో మూడుమారులు కోయించి, వరుసను మార్చి మరల మూడుమారులు కోయింపుడు. సెల్‌ఫోనులోని గడియారముతో కాలమును గుర్తించి సగటు తీయుడు.

ఇక లెక్క. 30 సెంటీమీటర్ల మందముగల దుంగ కోతముఖము వైశాల్యము సుమారు 707 చదరపు సెంటీమీటర్లు. ఒక రంపము 10 సెకన్లలో కోసినదనుకొందము. అప్పుడు అది సెకనుకు 70 చదరపు సెంటీమీటర్లకు పైగా కోసినది. మరియొకటి 14 సెకన్లలో కోసినచో సెకనుకు 50 మాత్రమే. ఇవి లెక్కను తెలుపుటకు చెప్పిన అంకెలేగాని యే యంత్రమునకును సంబంధించినవి కావు. వేరువేరు మందముల దుంగలను పోల్చుటకు ఈ లెక్కయే సరియైనది. దుంగ మందము రెట్టింపైనచో కోయవలసిన వైశాల్యము నాల్గురెట్లగును. 60 సెంటీమీటర్ల దుంగకు నాల్గురెట్ల కాలము పట్టినచో రంపము నిదానించినట్లు కాదు. అంతకుమించి పట్టినపుడే ఇంజను బలము చాలలేదని గ్రహింపవలెను.

తరువాత మరియొక పరీక్షయు చేయుడు. ఒకే రంపముతో ఇరువది గాట్లు కోయించి, మొదటి గాటునకు పట్టిన కాలమును, ఇరువదవ గాటునకు పట్టిన కాలమును పోల్చుడు. అప్పుడు గొలుసును ఆకురాయితో రాచి ఇరువదియొకటవ గాటు కోయింపుడు. ఈ మూడంకెలను నోటీసు పలకపై వ్రాయుడు. రెండు మంచి రంపముల నడుమ కనబడు తేడాకంటె పదునుకును మొద్దుకును నడుమ తేడా పెద్దదని ఊరివారే కనులార చూతురు. పనివారికి పదునుపెట్టుట నేర్పుటకు ఇంతకు మించిన పాఠము లేదు.

వేగముతోబాటు మరి నాలుగు సంగతులను కాగితముపై గుర్తింపుడు: ఒక లీటరు పెట్రోలుతో ఎన్ని గాట్లు పడినవి, పిడియందు అదురు ఎంత, వేడెక్కిన యంత్రము మరల సులభముగా కదలినదా, విడిభాగములు వరంగల్లు, హనుమకొండ అంగళ్లలో దొరకునా అని. వేగమున మొదటిదైనను విడిభాగము కొరకు నెలదినములు మూలపడియుండు రంపము పంచాయతీకి పనికిరాదు. బ్యాటరీతో నడుచు రంపములు కూడ నేడు లభించుచున్నవి. బడి, దవాఖానాల చెంత సన్నని కొమ్మలు తీయుటకు అవి పొగ లేకుండ, తక్కువ మోతతో పనిచేయును. కాని గాలివానలో విద్యుత్తు పోయిన దినమున వానికి శక్తినిచ్చు ఏర్పాటు ముందుగనే ఉండవలెను.

పనివాని ప్రాణము

ఇంతవరకు కోతను గూర్చి చెప్పితిని. కలపను కోయు గొలుసు మనిషి దేహమును మరింత సులభముగా కోయును. బారుకొన పైభాగము దేనికైనను తగిలినచో రంపము రెప్పపాటులో వెనుకకు ఎగిరి, పట్టుకొన్నవాని ముఖముపైకి వచ్చును. దీనిని వెనుదన్ను అందము. దీనినుండి కాపాడుటకే ముందుపిడి వద్ద గొలుసు బ్రేకు ఏర్పరచబడినది. ఈ బ్రేకు లేని, లేదా పనిచేయని రంపము ఎంత వేగముగా కోసినను పోటీలోనికి రానీయకుడు. పరీక్షలో మొదట చూడవలసినది గడియారము కాదు, బ్రేకు.

రంపముతోబాటు తలకు టోపీ, కంటికి జల్లెడతెర, చెవులకు మూతలు, కాళ్లకు కోతను అడ్డుకొను ప్రత్యేకపు దుస్తు, గట్టి బూట్లు కొనవలెను. పెట్రోలు రంపపు మోత సాధారణముగా 100 డెసిబెళ్లకు మించును. చెవిమూతలు లేక ఏండ్ల తరబడి పనిచేసినచో వినికిడి చెడును. వీని ఖర్చును యంత్రము ధరలోనే కలిపి తీర్మానింపవలెను. యంత్రమునకు సొమ్మున్నది, పనివాని కాళ్లకు లేదు అను పంచాయతీ యంత్రమును కొనకుండుటయే మంచిది.

గాలికి ఒరిగిన చెట్టు నిలిచిన చెట్టుకంటె అపాయకరము. అది ఒకవైపు ఒత్తుకొని, మరియొక వైపు సాగి, విల్లువలె బిగిసియుండును. ముందుగా ఒత్తుడు వైపున కొద్దిపాటి గాటుపెట్టి, పిమ్మట సాగినవైపు నుండి కోయవలెను. నిలిచిన చెట్టును పడవేయునపుడు పడవలసిన దిక్కున ముందుగాటు పెట్టి, వెనుకగాటు కోయుచు, నడుమ మందములో పదవవంతు కలపను కోయక విడువవలెను. అదియే తలుపునకు బందువలె చెట్టును త్రిప్పి పడవేయును. చెట్టు ఎత్తునకు రెండున్నర రెట్ల దూరములోపల ఇతరులు ఉండరాదు. విద్యుత్ తీగలు తగులుచున్న చెట్టును లైనుమను వచ్చి కరెంటు నిలిపితినని చెప్పువరకు ముట్టరాదు. ఒంటరిగా ఎన్నడును కోయరాదు.

యంత్రపు ఆయుష్షు కూడ చిన్న జాగ్రత్తలపై ఆధారపడియున్నది. వృత్తిరంపములలో పెక్కింటికి 50 పాళ్ల పెట్రోలుకు ఒక పాలు మంచినూనె కలుపవలెను. అనగా లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. మీ యంత్రముతో వచ్చిన పుస్తకము వేరుగా చెప్పినచో దానినే అనుసరింపుడు. గొలుసుకు పోయు నూనె వేరు. ట్రాక్టరునుండి తీసిన మాడునూనెను దానిలో పోయుట ఆదాయని తలంచు వారున్నారు. అందులోని ఇనుపపొడి బారును అరగదీయును. ఆ నూనె తుంపర పనివాని చర్మమునకును, నేలకును హాని చేయును.

కోత సులభమైనపుడు

చివరిమాట మనవి చేసెదను. గొడ్డలి కాలమున చెట్టు కొట్టుట కష్టము. ఆ కష్టమే చెట్టుకు కొంత రక్షణగా ఉండెను. మొదటి దెబ్బకును కడపటి దెబ్బకును నడుమ మనిషి ఆలోచించుకొనుటకు వ్యవధి ఉండెడిది. నేడు నలువది ఏండ్ల చెట్టు నాలుగు నిమిషములలో నేల కూలును. యంత్రము తీసివేసిన ఆ వ్యవధిని పంచాయతీయే తిరిగి కల్పింపవలెను. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము, అనగా వాల్టా, అనుమతి లేక చెట్లు కొట్టుటను నిషేధించుచున్నది. మన రాష్ట్రపు 2018 పంచాయతీరాజ్ చట్టము గ్రామమున మొక్కలను పెంచి కాపాడు బాధ్యతను పంచాయతీపై ఉంచినది. కావున పంచాయతీ రంపమునకు ఒక పుస్తకము తెరువుడు. ఏ దినమున, ఏ చెట్టును, ఏ కారణమున, ఎవరి అనుమతితో కోసిరో అందులో వ్రాయుడు. దాని ఎదుటి పుటలో, ఆ చెట్టుకు మారుగా నాటిన మొక్క ఎచ్చట నున్నదో, బ్రతికియున్నదో లేదో వ్రాయుడు. రంపమును పంచాయతీ కార్యాలయములో తాళమువేసి ఉంచుడు. శిక్షణ పొందినవారికి తప్ప ఇతరులకు ఇయ్యకుడు. అద్దెకు ఇచ్చితిమన్న పేరున ఊరిచెట్లు మాయమైనచో ఆ నింద ఎవరిమీదనో కాదు, మనమీదనే పడును.

మిత్రులారా! రంపము కొనునపుడు పేరును చూడకుడు, కోతను చూడుడు. కోతను చూచునపుడు ఇంజనుకు ముందు గొలుసును చూడుడు. గొలుసుకు ముందు దానిని పట్టిన మనిషి క్షేమమును చూడుడు. రాబోవు వానకాలమునకు ముందుగనే ప్రతి పంచాయతీయు ఒక దినము నిర్ణయించి, ఒక దుంగను తెచ్చి, ఊరివారి ఎదుట ఈ పరీక్ష జరుపవలెనని కోరుచున్నాను.